పల్లె విద్యార్థి - పరభాషలో పాఠము

'ఎ బాడీ ఎట్ రెస్ట్' అని భౌతికశాస్త్రోపన్యాసకుడు నల్లబల్లపై వ్రాసినాడనుకొందము. అంతవరకు తెలుగున చదివి వచ్చిన పల్లె విద్యార్థికి బాడీ అనగా శరీరము, రెస్ట్ అనగా విశ్రాంతి. శరీరపు విశ్రాంతికిని న్యూటను సూత్రమునకును సంబంధమేమో అతనికి బోధపడదు. 'నిశ్చలస్థితిలో ఉన్న వస్తువు' అని ఒక్కమాట చెప్పినచో, అది కదలుటకు బాహ్యబలము కావలెనని తక్కిన పాఠమంతయు అతడే ఒప్పజెప్పగలడు.

ఆంగ్లమాధ్యమమునకు మారినవారిని పెద్ద పెద్ద పారిభాషిక పదములు బాధించునని సాధారణముగా తలంతుము. అవి అంతగా బాధింపవు. కేటలిస్టు అను మాట పట్టణపు పిల్లవానికిని క్రొత్తయే. మోసగించునవి తెలిసినట్లు కనిపించు చిన్న మాటలు. దీపమారినపుడు 'పవర్ పోయినది' అనువానికి, శాస్త్రమున పవర్ అనగా ఒక సెకండులో జరుగు పని అనియు, తాను తెలుగున సామర్థ్యమని చదివినది అదియే అనియు ఎవరు చెప్పవలెను? ప్రశ్నలో 'అన్‌లెస్' అను మాట జారవిడిచినచో అర్థమే తలక్రిందులగును. లెక్క వచ్చినవాడే తప్పు చేయును. మార్కులు చూచి తండ్రి వీనికి లెక్కలు రావనుకొనును. కొన్నాళ్లకు కుమారుడును అట్లే నమ్మును. ఆపద అక్కడ ఉన్నది. అటుపిమ్మట అతడు సందేహ మడుగుట మాని, గైడు కొని, జవాబులు కంఠస్థము చేయును.

గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పదియవ తరగతి ముగించినవారినే చేర్చుకొన్నది. చదువు ఆరేండ్లు, అందు మొదటి రెండేండ్లు ఇంటర్మీడియట్ స్థాయివి. ఇంజనీరింగు మొదలగునప్పటికి చెవికి ఆ భాష కొంత అలవాటగును. సాధారణ డిగ్రీ విద్యార్థికి ఆ వ్యవధి లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2021లో, ఆ విద్యాసంవత్సరము నుండియే డిగ్రీ కళాశాలలలో ఆంగ్లమాధ్యమమే ఉండవలెనని నిర్ణయించినపుడు, తెలుగున ఇంటర్మీడియట్ చదివినవాడు ఒక్క వేసవిలో మారవలసి వచ్చినది.

ఉపన్యాసకుడు క్రొత్త మాట ప్రక్కన తెలుగు మాట వ్రాయుటకు అరనిమిషము చాలును. పాఠ్యాంశము పూర్తికాదని కొందరు జంకుదురు గాని, అర్థముకాని పాఠము పూర్తియైననేమి?

ఇంటివారును ఒక పని చేయవచ్చును. వారికి శాస్త్రము రానక్కరలేదు. రాత్రి భోజనానంతరము, నేటి పాఠమును తెలుగున చెప్పుమని పిల్లవానిని అడుగవలెను. తడబడి ఆగినచో అతనికి విషయమే తెలియలేదు. గడగడ చెప్పియు పరీక్షలో తప్పుచున్నచో భాషయే అడ్డము. మొదటివానిని శాస్త్రోపన్యాసకుని యొద్దకును, రెండవవానిని ఆంగ్లోపన్యాసకుని యొద్దకును పంపవలెను.