కొత్త అక్వేరియంలో గోధుమ రంగు పొర.. ట్యాంక్ మొత్తం కడిగేస్తే చేపలకే ముప్పు!

వేలకు వేలు పోసి ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటారు. రెండు, మూడు వారాలు గడిచేసరికి తెల్లటి ఇసుక మీద, అద్దాలపై గోధుమ రంగు పొర పేరుకుంటుంది. ట్యాంక్ పాడైపోయిందని కంగారుపడి కొందరు ఇసుక, రాళ్లు బయటకు తీసి కుళాయి నీళ్లతో కడిగేస్తుంటారు. అసలు నష్టం జరిగేది ఇక్కడే.

చాలాసార్లు ఆ పొర డయాటమ్స్ అనే ఆల్గేదే. కొత్త ట్యాంకుల్లో ఇది మామూలే. నీళ్లలోని సిలికేట్‌తో ఇవి గాజులాంటి పెంకు కట్టుకుంటాయి. ఆ సిలికేట్ అయిపోతే చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. కానీ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. దాంతో కడిగితే రాళ్లను, ఇసుకను పట్టుకుని ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చేసేది ఆ బ్యాక్టీరియానే. అది పోతే చేపలు రోజుల్లోనే చనిపోవచ్చు.

మరేం చేయాలి? బోరు, కుళాయి నీళ్లు మానేసి ఆర్‌వో-డీఐ నీళ్లలోనే మెరైన్ సాల్ట్ కలపాలి. ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్లు చాలవా అంటే.. వాటిలో సిలికేట్ కొంత మిగిలే ఉంటుంది. నీళ్లు ఆవిరై తగ్గితే ఉప్పు కలపని నీళ్లే పోయాలి. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. మేత కూడా తగ్గించాలి. ట్రోకస్ నత్తలు ఈ పొరను బాగా మేస్తాయి. అయితే పొర రాకముందే తెస్తే వాటికి తిండి ఉండదు, పస్తులే!

నెలలు గడిచినా పొర పోవట్లేదంటే, ఫిల్టర్‌లోని డీఐ రెసిన్ మార్చాల్సి వచ్చిందేమో ముందు చూసుకోవాలి.