వాతావరణ మార్పు – ప్రభుత్వ శాఖల సమన్వయం

పరిచయం

తుపానులు ఎందుకు వస్తాయో, భూమి వేడెక్కితే సముద్ర మట్టం ఎందుకు పెరుగుతుందో విజ్ఞానశాస్త్ర పాఠాల్లో చదివే ఉంటారు. ఈ పాఠంలో చూడబోయేది దాని తరువాతి సంగతి. ముంపు వచ్చినప్పుడు కదలవలసిన ప్రభుత్వ శాఖలు చాలా ఉంటాయి. వాటన్నిటినీ ఒక్క తాటిపై నడిపేది ఎవరు?

ఒక ఊరు, అనేక యజమానులు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువారికి తెలియని ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనులకూ, లైను పనులకూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వెళ్ళినవారి మనుమలు, మునిమనుమలు నేటికీ అక్కడ స్థిరపడి ఉన్నారు. ఊళ్ళో ఒక చివర నుండి మరో చివరకు నడిస్తే పాలన ఎన్నిసార్లు చేతులు మారుతుందో గమనించండి. రైల్వే కాలనీలో క్వార్టర్లు, ఆసుపత్రి రైల్వే వారివి, అనగా కేంద్ర ప్రభుత్వానివి. బజారు వైపు వెళితే 1954లో ఏర్పడిన పురపాలక సంఘం ఉంది. అది రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనిది. హిజ్లీ వైపు 1951లో మొదలైన ఐ.ఐ.టి. ప్రాంగణం, కొంచెం దూరంలో కలైకుండా వైమానిక స్థావరం ఉన్నాయి. జిల్లా మేజిస్ట్రేటు కార్యాలయమేమో కంసావతి నది ఆవల మిడ్నాపూర్‌లో ఉంది.

వాన మాత్రం వీరందరి మీదా ఒకేసారి కురుస్తుంది. కాలనీలో పడిన నీరు గేటు దాటి బజారు కాలువలోకి వస్తే అది ఎవరి నీరు? కాలువలో పూడిక తీయవలసింది ఒకరు, పట్టాల కింది తూము వెడల్పు చేయవలసింది మరొకరు. ఒకరు చేసి మరొకరు చేయకపోతే, చేసిన ఖర్చు కూడా వృథాయే.

తుపాను రోజున జరిగేది

2021 మే 26న యాస్ తుపాను ఒడిశాలో బాలాసోర్‌కు దక్షిణాన తీరం దాటింది. బాలాసోర్, దీఘా, హౌరా దగ్గరి షాలిమార్ స్టేషన్లు మూడూ ఆగ్నేయ రైల్వేలోని ఖరగ్‌పూర్ డివిజన్‌కు చెందినవే. హెచ్చరిక ఇచ్చేది వాతావరణ శాఖ. రైళ్ళను రద్దు చేసేది రైల్వే. షాలిమార్‌లో నిలిపి ఉంచిన రైళ్ళు గాలికి కదలకుండా చక్రాలను గొలుసులతో పట్టాలకు కట్టారు. తీర గ్రామాల ప్రజలను తరలించేది జిల్లా యంత్రాంగం. వారికి తోడుగా వచ్చేది 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం.

ఇప్పుడు ఒక రైలు చిన్న స్టేషనులో ఆగిపోయిందనుకోండి. ప్లాట్‌ఫారం మీద ఉన్నంతసేపు ప్రయాణికులు రైల్వే బాధ్యత. వారిని పక్క ఊరి బడికి చేర్చి అన్నం పెట్టాలంటే జిల్లా అధికారులు కావాలి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాలోనూ మేజిస్ట్రేటు లేదా కలెక్టరు అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేయమన్నది. అయితే డివిజనల్ రైల్వే మేనేజరు ఆయన కింది అధికారి కాడు. కనుక ఎవరు ఏమి చేయాలో ముందుగానే కాగితం మీద రాసుకొని ఉండాలి. గాలివాన నడుమ ఫోనులో తేల్చుకొనే విషయం కాదిది.

నిజానికి తుపాను సులభమైన పరీక్ష. రెండు రోజుల భయం అందరినీ కలుపుతుంది. వాతావరణ మార్పు అలా కాదు. కాలువ వెడల్పు చేయడం, పల్లపు స్థలంలో ఇల్లు కట్టనీయకపోవడం వంటి పనులు ఏళ్ళ తరబడి సాగాలి. ఆ పనులకు ఏటా బడ్జెట్టులో డబ్బు అడగాలి. అక్కడే శాఖలు విడిపోతాయి.

మారిషస్ ఏమి చేసింది?

ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల నుండి కొందరు రైలెక్కి ఖరగ్‌పూర్ వెళ్ళగా, అంతకు ముందే కొందరు ఓడలెక్కి మారిషస్ చేరారు. చెరకు తోటల కూలీలుగా కోరంగి రేవు నుండి వచ్చినందున అక్కడ తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. ఉగాది నేడు ఆ దేశంలో సెలవుదినం. హిందూ మహాసముద్రంలోని ఈ చిన్న ద్వీప దేశం విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు.

2013 మార్చి 30న రాజధాని పోర్ట్ లూయీలో కొద్దిసేపట్లోనే 150 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసి 11 మంది చనిపోయారు. కొందరు నేలకింది నడకదారిలో, వాహనాలు నిలిపే చోట చిక్కుకుపోయారు. అక్కడ కూడా కాలువల పని రోడ్ల సంస్థకూ, స్థానిక సంస్థలకూ, మరికొన్ని విభాగాలకూ పంచి ఉండేది. ఈ చిక్కును తీర్చడానికి 2017లో చట్టం ద్వారా కాలువల కోసమే ఒక ప్రాధికార సంస్థను నెలకొల్పారు. 2020లో వాతావరణ మార్పు చట్టం చేశారు. దాని ప్రకారం ప్రధానమంత్రి అధ్యక్షతన మంత్రుల మండలి, పర్యావరణ మంత్రిత్వ శాఖలో ఒక ప్రత్యేక విభాగం ఏర్పడ్డాయి. ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. పర్యావరణ మంత్రి తనతో సమానుడైన రోడ్ల మంత్రిని అడగగలడే గాని ఆజ్ఞాపించలేడు. ప్రధాని కుర్చీలో ఉంటే ఇద్దరూ జవాబు చెప్పాలి.

చట్టం చేయగానే కాలువలు తయారు కావు. 2024 జనవరి 15న బెలాల్ తుపాను వచ్చినప్పుడు అదే పోర్ట్ లూయీలో వీధులు మళ్ళీ మునిగి, కార్లు నీటిలో కొట్టుకుపోయాయి.

మారిషస్‌లో ఉన్నది ఒకే జాతీయ ప్రభుత్వం. ఖరగ్‌పూర్ వీధిలో కేంద్రం, రాష్ట్రం రెండూ ఉన్నాయి. రైల్వే అధికారికీ, పురపాలక అధికారికీ పైన ఒకే అధికారి కోసం వెతికితే ఢిల్లీ, కలకత్తాలు రెండూ తిరగాలి. కనుక మారిషస్ నమూనాను ఉన్నది ఉన్నట్లు ఇక్కడ దించలేము. రెండు పక్షాలూ సంతకం చేసిన స్థానిక ఒప్పందం, వానాకాలానికి ముందు కాలువల వెంట ఉమ్మడి తనిఖీ, ఎవరి వాటా ఖర్చు ఎంతో తేల్చే లెక్క, ఇవి మాత్రం చేయదగిన పనులే.

మీరు చేయవలసిన పని

మీ ఇంటి దగ్గర వాన నీరు నిలిచే ఒక చోటును ఎన్నుకోండి. ఆ నీరు ఏ కాలువ గుండా, ఏ తూము గుండా, ఏ చెరువుకో నదికో చేరుతుందో నడిచి చూడండి. దారిలో స్థలం ఎన్ని కార్యాలయాల చేతులు మారిందో మీ నోటు పుస్తకంలో రాయండి. ఆ కార్యాలయాల వారు చివరిసారి ఎప్పుడు కలిసి కూర్చున్నారో అక్కడి గుమాస్తాను అడిగి, ఆ జవాబును కూడా పక్కనే రాయండి.