పౌర్ణమికి కాదు, చవితికి వెళ్లండి

2025 సెప్టెంబరులో ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. అప్పటి నుంచి మన నల్లగొండ, పాలమూరు కెమెరా మిత్రుల చూపంతా అవి ఉన్న విశాఖ–భీమిలి తీరం మీదే ఉంది. దేవరకొండ పాఠకుడొకరు ఇలా అడిగారు: "మంగమారిపేట దగ్గరి శిలాతోరణాన్ని పొద్దుపొడుపు వేళ, నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు ఫోటో తీయాలి. పౌర్ణమికి వెళ్తే సరిపోతుందా? ఇంకో మాట, సముద్రాన్ని పొంగించే చంద్రుడు మన నాగార్జునసాగర్‌ను ఎందుకు పొంగించడు?"

రెండో ప్రశ్న ఎదురైతే ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

చంద్రుడి ఆకర్షణ భూమి మీద అంతటా ఒకేలా ఉండదు. చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపు కాస్త ఎక్కువ, అవతలి వైపు కాస్త తక్కువ. పోటుకు మూలం ఈ తేడాయే. అందుకే భూమికి రెండు వైపులా నీరు ఉబకాలని చూస్తుంది. సూర్యుడూ ఇదే పని చేస్తాడు, కాకపోతే అతని వాటా చంద్రుడి దానిలో సగానికి కొంచెం తక్కువ. అమావాస్యకు, పౌర్ణమికి ఇద్దరి బలాలూ కలుస్తాయి, అష్టమి నాటికి ఒకదానికొకటి అడ్డుపడతాయి.

ఈ బలం ఎంత? భూమ్యాకర్షణలో సుమారు కోటో వంతు. ఇంత చిన్న బలానికి పని జరగాలంటే వేల కిలోమీటర్ల నీళ్లు కావాలి. ముప్పై కిలోమీటర్ల జలాశయంలో ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చే తేడా రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. సాగర్‌లో గాలికి లేచే చిన్న అల చాలు, దాన్ని కప్పేయడానికి. అంతకన్నా వింత ఇంకోటుంది. భువనగిరి ఏకశిల సహా మన కాళ్ల కింది నేలంతా రోజుకు రెండుసార్లు దాదాపు ఒక అడుగు లేచి దిగుతుంది. చుట్టూ వందల కిలోమీటర్ల నేల కలిసి కదులుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇక సముద్రం. ఇక్కడ పెద్దపెద్దవాళ్లే బోర్లాపడ్డారు. పోటుకు చంద్రుడే కారణమని కెప్లర్ అంటే గెలీలియోకు అది పసితనంలా తోచింది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ కూడా తిరగడం వల్లే నీళ్లు ఊగుతాయని 1632 నాటి తన గ్రంథంలో వాదించాడు. ఆ లెక్కన రోజుకు ఒకే పోటు రావాలి. ఆయన ఎరిగిన వెనిస్‌లోనే రెండు వస్తున్నాయి! 1687లో న్యూటన్ బలాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. కానీ ఆ బలానికి సముద్రం ఎలా స్పందిస్తుందో ఆయన సిద్ధాంతంలో తేలలేదు.

మన పాఠ్యపుస్తకాల బొమ్మ ఈనాటికీ అక్కడే ఆగిపోయింది: చంద్రుడి కింద ఒక ఉబ్బు, అవతల ఒక ఉబ్బు, మధ్యలో తిరిగే భూమి. ఈ బొమ్మ నిజమైతే పౌర్ణమి అర్ధరాత్రి, చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు, విశాఖలో పోటు రావాలి. నిజానికి అక్కడ ఆ రోజుల్లో పోటు ఉదయం, రాత్రి తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. నీళ్లు బాగా తగ్గేది తెల్లవారుజామున, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో.

ఎందుకిలా? నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రంలో ఇంత పొడవైన అల గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో పోగలదు. భూమి మాత్రం విశాఖ దగ్గర గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. చంద్రుడి వెంట పరిగెత్తడం ఆ ఉబ్బు తరం కాదు. పైగా ఖండాలు అడ్డం. 1770లలో లాప్లాస్ దీన్ని సమీకరణాల్లో పెట్టాడు: పోటు అంటే నిలిచి ఉండే గుట్ట కాదు, సముద్రాల్లో సాగే పొడవాటి అల. నీళ్ల గంగాళాన్ని లయగా కదిపితే నీరు తన పద్ధతిలో తాను ఊగినట్టు, ఒక్కో సముద్రం తన లోతును, ఆకారాన్ని బట్టి ఊగుతుంది. బంగాళాఖాతంలో ఈ అల ఉత్తరానికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. పెద్ద పోట్ల రోజుల్లో ఎత్తు తేడా చెన్నైలో సుమారు ఒక మీటరు, విశాఖలో 1.4 మీటర్లు, ఇరుకైన, లోతు తక్కువైన హుగ్లీ ముఖద్వారంలో నాలుగైదు మీటర్లు.

ఈ ఊపు ఎంత క్రమంగా ఉంటుందంటే దాన్ని యంత్రంతో ముందే లెక్కకట్టవచ్చు. కెల్విన్ 1870లలో కప్పీలు, తీగలతో అలాంటి యంత్రం చేయించాడు. 1879లో భారత ఓడరేవుల కోసమే లండన్‌లో మరొకటి తయారైంది. ఒక తీరంలో ఒక తిథికి పోటు దాదాపు ఒకే గడియారపు వేళకు రావడం కూడా ఈ క్రమం వల్లే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు పంచాంగంలోనే దొరుకుతుంది. చంద్రుడి రోజు 24 గంటల 50 నిమిషాలు కాబట్టి పోటు వేళ రోజురోజుకు ముప్పావు గంట అటూఇటుగా ఆలస్యమవుతుంది. పౌర్ణమికో అమావాస్యకో తెల్లవారుజామున మూడింటికి తగ్గే నీళ్లు చవితి నాటికి ఆరు ప్రాంతంలో తగ్గుతాయి. అంటే సరిగ్గా పొద్దుపొడుపు! పైగా అతిపెద్ద పోటు పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు వస్తుంది కాబట్టి చవితికి ఇంకా దాని జోరు పూర్తిగా తగ్గదు. అష్టమికి వెళ్తే మాత్రం తేడా అర మీటరే, తోరణం మొదట్లో నీళ్లు కదలవు.

కెమెరా, లెన్సు, నల్లగొండ మీదుగా పోయే విశాఖ ఎక్స్‌ప్రెస్ టికెట్టు లాంటివి మీకు నాకన్నా బాగా తెలుసు. నా గొణుగుడల్లా ఒక్కటే. ఫోటోకు వెళ్లేవాళ్లు వాతావరణం యాప్ పదిసార్లు చూస్తారు, పోటు పట్టిక ఒక్కసారీ చూడరు. నేను చెప్పిన వేళలు ఉజ్జాయింపు మాత్రమే. ఆ రోజు పట్టిక చూసుకోండి. పట్టికలో ఉండేది చంద్రసూర్యుల లెక్క, దూరపు గాలులు లేపే అలల లెక్క అందులో ఉండదు. దానికి సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హెచ్చరికలు చూడాలి. ఆ సంస్థ సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. నీళ్లు బాగా తగ్గే వేళకు గంట ముందు రాళ్ల దగ్గరికి దిగండి, ఆ వేళ దాటాక గంటలోపు ఫోటో వచ్చినా రాకున్నా ఒడ్డెక్కండి.