మటాటియెలెకు దక్కిన 18 నెలలు

దక్షిణాఫ్రికాలో డ్రాకెన్స్‌బర్గ్ కొండల దిగువన, లెసోతో సరిహద్దుకు దగ్గర్లో మటాటియెలె అనే చిన్న ఊరుంది. చుట్టూ మేత భూములు, పల్లెలు. 2011 జనాభా లెక్కల్లో ఆ మున్సిపాలిటీ మొత్తం కలిపి సుమారు 2 లక్షల మంది. ఈ ఊరు ఏ ప్రావిన్సుదనే విషయంలో రాజ్యాంగాన్ని 2 సార్లు సవరించారు. రాజ్యాంగ న్యాయస్థానం 3 సార్లు తీర్పు చెప్పింది. అయినా ఊరివాళ్లు అడిగింది దక్కలేదు.

తగవు పాతదే. వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతివారికి విడిగా కేటాయించిన ప్రాంతాల్లో (బంటుస్థాన్‌లలో) ఒకటైన ట్రాన్స్‌కైని 1976లో ‘స్వతంత్ర దేశం’గా ప్రకటించింది. మటాటియెలె, కోక్‌స్టాడ్ ఉన్న తూర్పు గ్రిక్వాలాండ్‌ను 1978లో నటాల్‌లో కలిపేసరికి, ఆ నేల తమదంటూ ట్రాన్స్‌కై ఏకంగా దక్షిణాఫ్రికాతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. 1994లో పాత 4 ప్రావిన్సులు, 10 బంటుస్థాన్‌లు పోయి 9 ప్రావిన్సులు ఏర్పడ్డాయి. మటాటియెలె క్వాజులు-నటాల్‌లో ఉండిపోయింది. పక్కనే ఉన్న మలూటి ప్రాంతం మాత్రం తూర్పు కేప్‌లోకి వెళ్లింది.

ప్రావిన్సుల సరిహద్దు గీత ఎటు పడితే ఏమిటి అనిపించవచ్చు. అక్కడ బళ్లు, ఆసుపత్రులు నడిపేది ప్రావిన్సు ప్రభుత్వమే. క్లినిక్‌కు మందులు, బడికి టీచరు, రోడ్డుకు నిధులు ఏ రాజధాని నుంచి రావాలన్నది ఆ గీతే తేలుస్తుంది. మటాటియెలె నుంచి క్వాజులు-నటాల్ రాజధాని పీటర్‌మారిట్జ్‌బర్గ్ కంటే తూర్పు కేప్ రాజధాని బిషో చాలా దూరం. చివరికి బండి నంబరు ప్లేటు కూడా మారుతుంది: క్వాజులు-నటాల్‌లో అప్పట్లో ‘ఎన్’తో మొదలయ్యేది, తూర్పు కేప్‌లో ‘ఈసీ’తో ముగుస్తుంది.

2005లో 12వ సవరణ వచ్చింది. రెండు ప్రావిన్సుల మధ్య చీలి ఉన్న మున్సిపాలిటీలను రద్దు చేయడం దాని లక్ష్యం. క్వాజులు-నటాల్ మధ్యలో చిక్కుకున్న తూర్పు కేప్ తునక ఉమ్జింకులును క్వాజులు-నటాల్‌కు ఇచ్చి, మటాటియెలెను తూర్పు కేప్‌కు ఇచ్చారు. మొదటిది సబబే. రెండోది మాత్రం అక్కడివాళ్లకు ఇచ్చిపుచ్చుకునే బేరంలా తోచిందంటే తప్పుపట్టలేం.

మున్సిపాలిటీ కోర్టుకెక్కింది. మొదటి తీర్పు 2006 ఫిబ్రవరి 27న వచ్చింది, కానీ అసలు ప్రశ్న తేలలేదు. ఆ తర్వాత 2 రోజులకే, మార్చి 1న, కొత్త హద్దులతో స్థానిక ఎన్నికలు జరిగిపోయాయి. ఆగస్టు 18న అసలు తీర్పు వచ్చింది. ప్రావిన్సు హద్దు మార్చాలంటే రాజ్యాంగంలోని 74(8) సెక్షన్ ప్రకారం ఆ ప్రావిన్సు శాసనసభ ఒప్పుకోవాలి. 118వ సెక్షన్ ప్రకారం శాసనసభ తన పనిలో ప్రజలకు చోటివ్వాలి. తూర్పు కేప్ శాసనసభ బహిరంగ విచారణలు జరిపింది, క్వాజులు-నటాల్ జరపలేదు. అందుకే మటాటియెలెను మార్చిన భాగం చెల్లదని కోర్టు తేల్చింది. లోపం సరిదిద్దుకోవడానికి పార్లమెంటుకు 18 నెలల గడువిచ్చింది.

ఆ గడువులోనే విచారణలు జరిగాయి. తూర్పు కేప్‌కు మార్చవద్దని చాలామంది అన్నారు. క్వాజులు-నటాల్ శాసనసభ విన్నది, అయినా మార్పుకు సరేనంది. 2007లో 13వ సవరణతో ఊరు మళ్లీ తూర్పు కేప్‌కే వెళ్లింది. ప్రజాసంఘాలు మళ్లీ కోర్టుకెళితే 2010 ఫిబ్రవరి 24న పిటిషన్ కొట్టేశారు: ప్రజల మాట వినడం శాసనసభ బాధ్యత, దానికి కట్టుబడటం కాదు. న్యాయసూత్రంగా ఇది నిలుస్తుంది, కాదనను. కానీ వద్దన్నవాళ్ల మాటను ఎందుకు పక్కన పెట్టారో వాళ్లు ఒప్పుకోదగ్గ జవాబు చెప్పాల్సిన బరువు ఎవరిమీదా పడకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది.

అదే 12వ సవరణ గనుల ప్రాంతంలోని కుట్సాంగ్ టౌన్‌షిప్‌ను గౌటెంగ్ నుంచి నార్త్ వెస్ట్‌కు మార్చింది. అక్కడ వీధులు తగలబడ్డాయి, బళ్లు మూతపడ్డాయి. 2006 ఎన్నికలను జనం బహిష్కరించారు. దాదాపు 30 వేల మంది ఓటర్లుంటే పడినవి 232 ఓట్లు. 2008లో వాళ్లు కోర్టులో ఓడిపోయారు. అయినా 2009లో 16వ సవరణ చేసి పార్లమెంటు వాళ్లను తిరిగి గౌటెంగ్‌లో కలిపింది. 2006లో కోర్టులో గెలిచిన మటాటియెలె మాత్రం ఇప్పటికీ తూర్పు కేప్‌లోని ఆల్‌ఫ్రెడ్ ఎన్జో జిల్లాలోనే ఉంది.