పల్లె దించిన ఉట్టికి పట్నంలో గిరాకీ

పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత. నిజమే, పిల్లి శాపాలకు తెగలేదు. ఎలుక పళ్లకు కూడా అంత తేలిగ్గా అందలేదు. ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చాక మాత్రం తెగింది. పెంకుటిల్లు పోయి డాబా లేచేసరికి ఉట్టి వేలాడదీయడానికి దూలమే కరువైంది. శ్లాబుకు వదిలిన ఒక్క కొక్కెమూ ఫ్యాను పాలైంది.

ఆ ఉట్టే ఇప్పుడు పట్నాల్లో మేడల వసారాల్లో వేలాడుతోంది. అందులో పెరుగు కుండ లేదు, పూల మొక్క కుండీ ఉంది. పేరు కూడా ఉట్టి కాదు, ‘మాక్రమే హ్యాంగర్’. తెల్లటి నూలు తాడుతో అల్లి, అడుగున బారెడు కుచ్చు వదిలి, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. సెల్‌ఫోన్‌లో వెతికితే ఒక్కొక్కటి వందల్లో పలుకుతోంది. గోడకు వేలాడదీసే పెద్ద తెరలైతే వేలల్లోనే. అటక మీద పాత ఉట్టి చీకిపోతున్న ఇంట్లోనే కోడలు పట్నం నుంచి కొత్త హ్యాంగర్ తెప్పించుకోవడం ఈ రోజుల్లో వింత కాదు.

ఉట్టిలో ఉన్న పనితనం

ఉట్టిని తాడు ముక్కగా తీసిపారేసేవారు దాన్ని ఎన్నడూ అల్లి ఎరగరు. ముందు నార కావాలి. గోదావరి లంకల్లో, కోనసీమలో కొబ్బరి పీచు చేతికందేది. మెట్ట ఊళ్లలో గోగు, జనుము, గట్ల మీది కిత్తనార. గోగు మొక్క ఆకు పచ్చడికి, కాడ నారకు పనికొస్తుంది. కాడలు కోసి కట్టలు కట్టి చెరువులో రెండు మూడు వారాలు ఊరవేస్తే బెరడు వదులవుతుంది. అప్పుడు ఒలిచి, ఉతికి, ఆరబెడితే నార తేలుతుంది. ఆ ఊరిన కట్టల కంపు భరించిన వారికే ఉట్టి ఖరీదు తెలుసు.

తర్వాత పురి. నార పాయను తొడ మీద ఒకవైపుకు మెలిపెట్టి, రెండు మూడు పాయలను కలిపేటప్పుడు రెండోవైపుకు పేనాలి. ఒక పురి విడిపోవాలని చూస్తే రెండోది దాన్ని బిగించి పట్టుకుంటుంది. తాడు బలమంతా ఈ ఎదురు పురిలోనే ఉంది. రెండు పురులూ ఒకవైపే పెడితే తాడు చేతిలోనే విచ్చుకుపోతుంది.

అడుగున కుదురులాంటి చుట్ట వేసి, దాని నుంచి మూడో నాలుగో కాళ్లు పైకి తీసి, అన్నింటినీ నడినెత్తిన ఒక్క ముడికి చేర్చితే ఉట్టి. చెప్పడానికి ఇంతే. కాళ్లన్నీ ఒక్క పొడవున లేకపోతే కుండ ఒరిగిపోతుంది. ముడి అనేది బరువు పడేకొద్దీ బిగియాలి గాని జారకూడదు. కింద పెద్ద కుండ, దాని మీద చిన్నది, ఆపైన మూకుడు పెట్టి నిండా పాలు పెరుగు నింపితే ఉట్టి మోసే బరువు తక్కువేమీ కాదు. పైగా ఆ బరువు రోజుకు నాలుగుసార్లు దించుతూ ఎక్కిస్తూ ఉండాలి. గాలి తగిలి పాలు చల్లగా ఉండేవి. చీమ పాకే దారి ఒక్క తాడే కనుక దాన్ని కాపాడుకుంటే చాలు.

ఇదే ఉట్టిని రెండు చేసి బద్దకు రెండు చివరలా కడితే కావడి అవుతుంది. నూర్పిళ్ల వేళ ఎద్దు మూతికి కట్టే చిక్కం, గీత కార్మికుడి మోకు, జాలరి వల, గడ్డిమోపు కట్టు, ఇవన్నీ ముడి మీద బతికిన పనులే. మోకు ముడి తప్పితే పోయేది కుండ కాదు, మనిషి.

ఆవును కట్టే ముడే

మాక్రమే నేర్పేవారు మొట్టమొదట చూపించే ముడి ఒకటుంది. తాడును సగానికి మడిచి, ఆ మడతను కర్ర వెనుక నుంచి తెచ్చి, రెండు కొసలనూ అందులోంచి లాగి బిగిస్తారు. పశువును కట్టుకొయ్యకు కట్టేవారికి ఇది కొత్త ఏమీ కాదు. ఇంగ్లీషువారు కూడా దీన్ని ‘కౌ హిచ్’ అనే పిలుస్తారు. అంటే ఆవును కట్టే ముడి.

రెండోది చదరపు ముడి. నాలుగు పోగుల్లో నడిమి రెండూ కదలకుండా నిలబడతాయి. పక్కనున్న రెండు పోగులను వాటి మీదుగా ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి వేసి బిగించాలి. అలా వేస్తూ పోతే బల్లపరుపు పట్టీ వస్తుంది. ఎప్పుడూ ఒకవైపు నుంచే వేస్తే పట్టీ తనంతట తానే మెలి తిరిగి మర మేకులా సుళ్లు పోతుంది. కొత్తగా నేర్చుకునేవారు పొరపాటున ఈ మెలి తెప్పించి కంగారు పడతారు. దాన్నే కావాలని వేసి మంచి ధరకు అమ్మేవారూ ఉన్నారు.

సాయంత్రం వాకిట్లో కూర్చుని అరటినారతో మల్లెమాల కట్టే పిల్ల ఒక్కో జత పూలకు ఒక్కో బిగింపు వేస్తుంది. మొగ్గ నలగకూడదు, మాల జారకూడదు, కళ్లు చేతి మీద ఉండనవసరం లేదు. ఆ వేళ్లకు మాక్రమే నేర్పడం నాలుగు రోజుల పని.

కొంగు కుచ్చు నుంచి పుట్టింది

మాక్రమే అన్న మాట ఫ్రెంచి వారి ద్వారా మనకు వచ్చినా దాని పుట్టుక అరబ్బీ ‘మిక్రమా’ అని పండితులు చెబుతారు. మగ్గం మీద గుడ్డ కోశాక చివర మిగిలే పడుగు పోగులు విడిపోకుండా అరబ్బు నేతగాళ్లు వాటిని అందంగా ముడివేసేవారు. అక్కడి నుంచి ఈ పని మధ్యధరా తీరం మీదుగా ఇటలీకి, యూరప్‌కు పాకింది. ఓడల మీద నెలల తరబడి ప్రయాణించే నావికులు పొద్దుపోక తాళ్లతో సంచులు, తెరలు అల్లి రేవుల్లో అమ్ముకునేవారు. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో ఇది పెద్దింటి ఆడవారి వేడుక. 1882లో ‘సిల్వియాస్ బుక్ ఆఫ్ మాక్రమే లేస్’ పేరిట దీనికి పాఠ్యపుస్తకమే వెలువడింది.

పడుగు పోగుల కథ మన నేత ఊళ్లకు కొత్త కాదు. తువ్వాలు అంచున ముడులు, చీర కొంగుకు కుచ్చులు అవే. ఇప్పుడు పట్టుచీర కొన్న ప్రతివారూ కొంగుకు కుచ్చులు వేయిస్తున్నారు. పూసలు గుచ్చి, వరసలు మార్చి వేసే కుచ్చులకు కూలి బాగానే ఇస్తున్నారు. ఇంటిపట్టున ఉండి ఈ పని చేసుకునే ఆడవాళ్లు చిన్న పట్టణాల్లో కూడా వీధికొకరు కనిపిస్తారు. వారిలో చాలామంది మాక్రమే అన్న మాట విని ఉండరు. చేస్తున్నది మాత్రం దాని అసలు రూపమే.

అమెరికా, యూరప్‌లలో 1970లలో మాక్రమే మోజు ఇంటింటా పాకి, 1980లలో చల్లారింది. మన పట్నాల్లో ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నిలిచింది. పెళ్లీడు పిల్లలు నైలాన్ దారంతో గోడకు గుడ్లగూబలు, ఉత్తరాల సంచులు, పూలకుండీల ఉయ్యాలలు అల్లేవారు. ఆ రంగు నైలాన్ గుడ్లగూబ ఇప్పటికీ దుమ్ము పట్టి వేలాడుతున్న ఇళ్లు ఉన్నాయి. తర్వాత అది పాతబడింది. గత పది పన్నెండేళ్లలో మళ్లీ వచ్చింది. ఈసారి రంగులు లేవు, నైలాన్ లేదు. తెల్ల నూలు, జనపనార, కొబ్బరి తాడు అడుగుతున్నారు.

తాడు లెక్క, కూలి లెక్క

ఈ పనిలో దిగాలనుకునేవారు ముందు తాడును తెలుసుకోవాలి. నూలు తాడు చేతికి మెత్తన, చూపుకు నాజూకు. కాని వానకు తడిస్తే బూజు పడుతుంది, ఇంట్లోపలికే మంచిది. జనపనార తడిలో త్వరగా చీకుతుంది. కొబ్బరి తాడు నీటికి ఓర్చుకుంటుంది, కుండీల కింద అదే నిలుస్తుంది, కాని చేతులను గీస్తుంది. నైలాన్ చీకదు గాని నునుపు వల్ల ముడి జారుతుంది. చివరలు కాల్చి అతికించాలి.

అల్లికకు తాడు ఎంత పడుతుందో కొత్తవారు ఊహించలేరు. సాధారణంగా తయారైన పొడవుకు నాలుగింతలు తీసుకోవాలి. మూడు అడుగుల ఉట్టికి మూడు కాళ్లు, కాలికి నాలుగు పోగులు అనుకుంటే పన్నెండు పోగులు. ఒక్కో పోగు 12 అడుగులు. మడిచి వాడతారు గనుక 24 అడుగుల తాళ్లు ఆరు కావాలి. మొత్తం 144 అడుగులు, అంటే దాదాపు 44 మీటర్లు. పైగా పక్క పోగులే ముడి వేస్తాయి గనుక అవి ముందు అయిపోతాయి. మధ్యలో నడిమి పోగులను పక్కకు, పక్కవాటిని నడిమికి మార్చుకోకపోతే ఒక చోట తాడు మిగిలి, ఇంకో చోట చాలదు.

పల్లె చేతికి బలమైన ముడి తెలుసు. పట్నం కొనేది బలాన్ని కాదు, సమానతను. ముడికీ ముడికీ నడుమ ఎడం ఒక్కలా ఉందా, కుచ్చు ఒక్క కత్తిరింపున ఉందా అని చూస్తారు. కుండ పడిపోని ఉట్టి అల్లిన అమ్మ పని కూడా ఇక్కడ వెనక్కి రావచ్చు. ఎడం కొలవడానికి ఒక అట్టముక్క దగ్గర పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

కూలి సంగతి అంత సులువు కాదు. దీనికి దూరం వెళ్లనవసరం లేదు, నరసాపురం లేసు కథ చాలు. లేసులో ముడులు లేవు. కొక్కెం సూదితో వేసే గొలుసు అల్లిక అది. క్రైస్తవ మిషనరీలు 19వ శతాబ్దంలో గోదావరి జిల్లాలో ఆడవారికి నేర్పారు. పాలకొల్లు, నరసాపురం చుట్టూ ఊళ్లలో వేలాది ఇళ్లకు పాకింది, ఓడలెక్కి విదేశాలకు వెళ్లింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే పరిశోధకురాలు 1970ల చివర్లో ఈ ఊళ్లలో తిరిగి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె చూపింది ఇదీ: ఇంటి చాకిరీతో పాటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలను వ్యాపారులు పనివారిగా లెక్కించలేదు. ఇంటి దగ్గర ఊరికే కూర్చున్న గృహిణులు తీరిక వేళ చేసే పనిగా లెక్కకట్టారు. అందుకే కూలి అంత తక్కువ. దారం ఇచ్చేది ఏజెంటు, ముక్కకు రేటు కట్టేది ఏజెంటు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని అతుకుతారు. పూర్తయిన దుప్పటి ఎక్కడ ఎంతకు అమ్ముడైందో అల్లినవారికి తెలియదు.

ఆ తర్వాత కొంత మారింది. నరసాపురం దగ్గర రుస్తుంబాదలో లేసు వ్యాపార కేంద్రం ఏర్పడింది, మహిళా సంఘాలు తామే అమ్ముకునే ప్రయత్నాలు చేశాయి. 2024లో నరసాపురం క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు ఊరికి దక్కింది. కూలి పెరగడం అంత త్వరగా జరిగే పని కాదు.

మాక్రమే కూడా ఆ దారే పట్టే అవకాశం లేకపోలేదు. దుకాణదారు తాడు ఇచ్చి, ‘ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు అల్లండి’ అన్నాడంటే లెక్క మొదలైనట్టే. ఆ ఖాళీ మాటలోనే కూలి తగ్గుతుంది. తాడు ఎంత అయింది, ఎన్ని గంటలు పట్టింది, ఆ గంటలకు పొలం కూలి ఎంత వస్తుంది అని కాగితం మీద రాసుకున్నాకే ధర చెప్పాలి. డ్వాక్రా సంఘంలో నలుగురు కలిసి తాడు ఒకేసారి కొంటే చవక. బేరం కూడా నలుగురి తరఫున ఒకరు మాట్లాడితే రేటు విరగదు. ఒక్కరు తగ్గించి ఒప్పుకుంటే రేపటి నుంచి ఊరందరిదీ అదే రేటు. మెడ, మణికట్టు నొప్పులు మాత్రం ఏ రేటులోనూ కలవవు. గంటకోసారి లేచి చేతులు విదిలించుకోవడం లేసు అల్లేవారికి తెలిసిన జాగ్రత్తే.

నేర్పేవారి కోసం కూడా పట్నం వెళ్లనవసరం లేదు. సెల్‌ఫోన్‌లో చూపించే ముడుల్లో సగం ఊళ్లోని ముసలివారికి వచ్చు. పేరే వేరు. అయితే వారి చేతుల్లోని పని వారితోనే పోతోంది. తొడ మీద నార పేనగలిగినవారు డెబ్బై దాటినవారిలోనే మిగిలారు.

ఏటా కృష్ణాష్టమికి ఊరి నడుమ ఉట్టి కడతారు. తిరుమలలో ఉట్లోత్సవం జరుగుతుంది, రాయలసీమ ఊళ్లలో నూనె పూసిన ఉట్ల మాను ఎక్కుతూ కుర్రాళ్లు జారిపడుతుంటారు. ఆ ఒక్క రోజుకైనా ఉట్టి కావాలి. చాలా చోట్ల ఇప్పుడు దుకాణంలో కొన్న నైలాన్ తాడుకు కుండ బిగించి పని కానిస్తున్నారు. కుండ పక్కకు ఒరుగుతుంది, కుర్రాళ్లు మళ్లీ దించి కడతారు. ఉట్టి అల్లడం తెలిసిన అవ్వ ఎదురింటి అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. ఆమెను ఎవరూ పిలవరు.