కథ నేర్చుకోను మన ఉమ్మడి చిత్తూరు జిల్లా చాలదా?

◆ కథ రాయడం ఒకరు నేర్పితే వచ్చేది కాదంటారు. కథ ఎలా నిలబడుతుందో విడమరిచి చెప్పిన పుస్తకానికి మాత్రం 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ పుస్తకం 'కథాశిల్పం'. రాసింది వల్లంపాటి వెంకటసుబ్బయ్య, మదనపల్లె బీటీ కాలేజీలో ఇంగ్లిషు చెప్పిన మేష్టారు. 'నవలాశిల్పం' కూడా ఆయనదే. కథలూ నవలలూ తాను రాసి చూశాకే శిల్పం జోలికి వచ్చారు గనక వస్తువు, పాత్ర, దృష్టికోణం గురించి ఆయన చెబుతుంటే పని తెలిసినవాడు చెప్పినట్టుంటుంది. కథకులకు పాఠ్యపుస్తకం విజయవాడలోనో హైదరాబాదులోనో కాక మదనపల్లెలో పుట్టడం నాకైతే భలే ముచ్చట.

◆ దామలచెరువు అంటే వ్యాపారులకు మామిడికాయల మండీలు. కథకులకు మధురాంతకం రాజారాం ఊరు. పుట్టింది పక్కనున్న మొగరాలలో, 1930లో. పల్లెటూరి బడిపంతులుగా బతుకు గడిపి, వందల కథలు రాశారు. 1993లో అకాడమీ అవార్డు వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, 2022లో, అదే అవార్డు ఆయన కొడుకు నరేంద్రకు 'మనోధర్మపరాగం' నవల మీద వచ్చింది. తండ్రికీ కొడుక్కీ అకాడమీ వచ్చిన ఇళ్లు తెలుగులో వెతికి చూడాల్సిందే. రాయడానికి సరుకు లేదని పట్నం బస్సెక్కే కుర్రకారు ఒక్క సంగతి గమనించాలి: రాజారాం కథల్లో సగం మంది మనుషులు బడికీ, రచ్చబండకీ, పొలంగట్టుకీ మధ్య దొరికినవాళ్లే.

◆ తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను కథకుడి కళ్లతో ఎప్పుడైనా చూశారా? ఊళ్లో ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకో వేషం కడుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం... ఏదీ పనిచెయ్యదు. చివరికి దొర వేషం కడితే, వచ్చింది తన పైవాడనుకొని పాలెగాడు బయటికొస్తాడు, తల తెగుతుంది. ఉత్కంఠ పెంచడం ఎలాగో ఇంతకంటే ఎవరు చెప్తారు! అసలు విశేషం ఆ తర్వాత ఉంది. కథ అక్కడితో ఆగదు. మర్నాడు మాతంగి వేషం. ముండమోసిన పాలెగాడి పెళ్లాన్ని గంగమ్మే వెళ్లి ఓదారుస్తుంది. చంపినామె చేతనే ఓదార్పు! విలన్‌కీ ఒక ఇల్లుందని, అక్కడా ఒకామె ఏడుస్తుందని గుర్తుపెట్టుకున్న కథ అది. ఏటా మే నెలలో మన వీధుల్లోనే తిరుగుతుంది. మనం వేషాలు చూసి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం.

◆ ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతాలు పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడనీ, ఆఖరి రోజు దుర్యోధనుడు పడతాడనీ పసిపిల్లకు కూడా తెలుసు. అయినా జనం తెల్లవార్లూ కూర్చుంటారు. ముగింపు దాచిపెడితేనే కథ రక్తి కడుతుందనుకునేవాళ్లు ఒక రాత్రి వెళ్లి ఆ చాపల మీద కూర్చోవాలి.

◆ తిరగరాయడం గురించి జిల్లా దాటి ఒక్క మాట. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. 1909లో మళ్లీ అచ్చయ్యేసరికి అది దాదాపు కొత్త నాటకం. మనం ఇవాళ చదివేది ఆ రెండోదే. అమెరికాలో హెమింగ్వే 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' నవలకు రాసుకున్న ముగింపులు నలభై ఏడు ఉన్నాయని 2012లో వచ్చిన ప్రతి చూపించింది. మనవాళ్లు ఒక్క రాత్రిలో రాసి తెల్లారేసరికి పత్రికకు పంపేస్తున్నారు.

◆ తిరుపతిలో నాలుగుకాళ్ల మండపం దగ్గర బస్సు దిగేవాళ్లకు అది ఒక గుర్తు, అంతే. జక్కదొనలో పుట్టిన పులికంటి కృష్ణారెడ్డికి మాత్రం అది కథల పుస్తకం పేరు: 'నాలుగ్గాళ్ల మంటపం'. ఆయన నాటకాల్లో వేషం కట్టారు, 'కామధేను' పత్రిక నడిపారు, సీమ మాటలో 'అమ్మి పదాలు' కట్టారు. స్టేజీ ఎక్కినవాడికి సంభాషణ ఎక్కడ తెగ్గొట్టాలో తెలుస్తుంది.

◆ ఇక భాష. తిరుపతి దగ్గరి మిట్టూరు నుంచి వచ్చిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'లో కథ చెప్పే గొంతు ఒక పిలకాయది. పిలకాయ తాను చూసింది చెప్తాడు. తీర్పులివ్వడు, నీతులు చెప్పడు. అందుకే ఆ ఇంటి కష్టం చదివేవాడి మీద సూటిగా పడుతుంది. 'నేను' అని మొదలుపెట్టి ప్రతి పేరాలోనూ తన అభిప్రాయం దూర్చే కొత్త కథకులకు ఈ ఒక్క పుస్తకం చాలు. ఆ కథనం ఎక్కడిదో ఆయనే ఇంకో పుస్తకం పేరులో చెప్పేశారు: 'మా అమ్మ చెప్పిన కతలు'.

స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' పులికాట్ సరస్సు పల్లెలవి. ఆ చేపల పేర్లు, పక్షుల పేర్లు, తిండ్ల పేర్లు నిఘంటువు ముందేసుకున్నా అన్నీ దొరకవు. రచయిత వాటిని వివరించడానికి ఆగడు, కథే వాటి అర్థం చెప్తుంది. 2022లో జిల్లాలు విడదీశాక సూళ్లూరుపేట వైపు నేల తిరుపతి జిల్లాలోకి వచ్చింది గనక ఆ కథలూ ఇప్పుడు మన లెక్కలోనివే.

కాబట్టి, కత రాద్దామని కూచున్న అబ్బోళ్లూ, అమ్మిలూ! మొదటి కథ మీ ఇంట్లో మాట్లాడే మాటలోనే రాయండి. పత్రికవాళ్లు మార్చమంటే, అప్పుడు చూసుకుందాం.