రెండడుగుల బల్ల మీద కళింగ సేన

ఈ ముఖచిత్ర కథనం అప్పజెబుతూ సంపాదకులు పెట్టిన షరతు ఒక్కటే. మందస కోవా, పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరి, ఈ మూడింటి ఊసెత్తకూడదు. ఇచ్చిన విషయం: బొమ్మల సైన్యాలతో ఆడే పోటీ యుద్ధాలు. విదేశాల్లో ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న పెద్దమనుషులు వేలకు వేలు పోసి వేలెడంత లేని సైనికుల్ని కొంటారు. అతికిస్తారు, రంగులేస్తారు, బల్ల మీద మోహరించి పాచికలు విసురుకుంటారు. మందస వైపు వాళ్ళకి దీంతో ఏం పనో చూసి శుక్రవారంలోగా రాసివ్వమన్నారు.

పని ఉంది. ఈ ఆటల్లో ప్రాచీన సేనల పోటీలకు వేరే ఆదరణ ఉంది. అలెగ్జాండర్ సేన, హానిబాల్ సేన, రోమన్ సేన ఎవరికి ఇష్టమైంది వాళ్ళు కూర్చుకుంటారు. అలాంటప్పుడు మహేంద్రగిరి కింద పుట్టినవాడు కళింగ సేనను కాక మరి దేన్ని దించుతాడు? అయితే సేన కూర్చాలంటే ముందు జాబితా కావాలి. ఎందరు కాల్బంట్లు, ఎన్ని గుర్రాలు, ఎన్ని ఏనుగులు? ఆ జాబితా వెతుకులాటలోనే గడువులో సగం కరిగిపోయింది.

ఒక్క వాక్యంలో ఉన్న సేన

దొరికింది ఒకే ఒక్క వాక్యం. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రాసిన ప్రకృతి చరిత్రలో ఉంది. కళింగుల రాజధాని పేరు పార్థలిస్ అనీ, వాళ్ళ రాజు దగ్గర 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు యుద్ధానికి సిద్ధంగా ఉంటాయనీ దాని సారాంశం. ప్లినీ ఈ దేశం మొహం చూసినవాడు కాదు. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు రాతల నుంచి ఈ అంకెలు తీసుకున్నాడని పండితులు అంటారు. మెగస్తనీసు పుస్తకం పోయింది, ఇలా పరాయి పుస్తకాల్లో తునకలు మిగిలాయి.

ఒక్క అంకెను విడిగా చూస్తే ఏమీ తెలియదు. అదే ప్లినీ ఆంధ్రులకూ మగధకూ కూడా లెక్కలిచ్చాడు. ఆంధ్రులకి 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు, కోటగోడలున్న పట్టణాలు ముప్పై. పాటలీపుత్రపు రాజుకి 6,00,000 కాల్బలం, 30,000 గుర్రాలు, 9,000 ఏనుగులు. ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టి భాగహారం చేయండి. మగధలో ఏనుగుకి మూడు గుర్రాలకు పైనే. ఆంధ్రుల దగ్గర సరిగ్గా రెండు. కళింగులకి ఒకటిన్నర కూడా లేదు.

కళింగ సేన స్వభావమంతా ఈ కొరతలోనే ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. మేలుజాతి గుర్రాలు కాంభోజ, సింధు దేశాల నుంచి వస్తాయని అర్థశాస్త్రం చెబుతుంది. ఏనుగుల దగ్గరికి వచ్చేసరికి కళింగ, అంగ దేశాలవే అన్నిటికన్నా మేలైనవని అదే అర్థశాస్త్రం మొదటి మార్కు వేస్తుంది. గుర్రాన్ని డబ్బు పోసి, దేశాలు దాటించి తెచ్చుకోవాలి. ఏనుగు పెరటి అడవిలో ఉంది. ఇప్పటికీ ఒడిశాలోని లఖారి లోయ నుంచి ఏనుగుల గుంపులు దిగివచ్చి శ్రీకాకుళం, పార్వతీపురం పొలాలు తొక్కిపోతున్నాయి కదా. పంట పోయిన రైతుకి ఈ ఘనచరిత్ర చెబితే ఏమంటాడో వేరే చెప్పక్కర్లేదు.

అంకెలన్నీ నమ్మొచ్చా అంటే, అనుమానంగానే చూడాలి. రాయబారి చెవిన పడ్డ లెక్క, వందలేళ్ళ తర్వాత మరొకడు ఎత్తిరాసుకున్న లెక్క. అయితే కోతలు కోయాలనుకున్నవాడు 700 దగ్గర ఆగడు, 7,000 అంటాడు. అందుకే ఈ వ్యాసకర్త ఆ వాక్యాన్ని కొంచెం ఎక్కువే నమ్మాలనుకుంటున్నాడు.

పన్నెండు దళాల లెక్క

పోటీల్లో వాడే నియమావళులు చాలా ఉన్నాయి. కొత్తవాడి జేబుకి తక్కువ భారం ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’, పొట్టిగా డీబీఏ. ఫిల్ బార్కర్, మరో ఇద్దరూ కలిసి 1990లో తెచ్చారు. ఏ సేనకైనా పన్నెండే దళాలు. 15 మిల్లీమీటర్ల బొమ్మలైతే ఒక్కో దళం 40 మిల్లీమీటర్ల వెడల్పు పలక మీద నిలబడుతుంది. విలుకాళ్ళూ కత్తివాళ్ళూ అయితే పలకకి నలుగురు, ఆశ్వికులు ముగ్గురు, ఈటెలు విసిరి పరిగెత్తే తేలిక బంట్లు ఇద్దరు, ఏనుగు ఒక్కటే. రెండడుగుల చదరం బల్ల చాలు, గంటలోపే ఆట తేలిపోతుంది. ఇలాంటిదే మరో బొమ్మల ఆట వార్‌హామర్ 40,000 పోటీలో మామూలుగా 2,000 పాయింట్ల సైన్యం కావాలి. దాన్ని కొని రంగులేసేసరికి నెలలూ పోతాయి, జీతమూ పోతుంది.

ప్లినీ వాక్యాన్ని పన్నెండు దళాలుగా కుదిస్తే ఎలా ఉంటుంది? వెయ్యిమందికి ఒక బొమ్మ అనుకుంటే 60 మంది బంట్లు, ఒకే ఒక గుర్రం వస్తాయి. ఏనుగుకి ముప్పాతిక భాగం కూడా రాదు. కాబట్టి తలలు కాదు, దెబ్బ లెక్క పెట్టుకోవాలి. మూడు ఏనుగులు, ఒక ఆశ్విక దళం, ఐదు విలుకాళ్ళ దళాలు, ఒక కత్తి దళం, రెండు తేలిక దళాలు. మొత్తం కాల్బంట్లు 28 మంది, గుర్రాలు మూడు, ఏనుగులు మూడు. గుర్రానికీ ఏనుగుకీ సమానంగా వచ్చింది, ప్లినీ లెక్కకి మరీ దూరం కాదు. ఇది స్నేహపు ఆటలకి. పోటీలో దిగేటప్పుడు నియమావళిలోని అచ్చు జాబితా ఏది ఒప్పుకుంటే అదే కూర్పు.

ఆ అచ్చు జాబితా మీద చిన్న ఫిర్యాదుంది. ‘క్లాసికల్ ఇండియన్’ అని ఒకటే శీర్షిక, క్రీ.పూ. 500 నుంచి క్రీ.శ. 545 దాకా. వెయ్యేళ్ళకు పైగా కాలాన్ని, మౌర్యుల నుంచి గుప్తుల దాకా, అందరినీ ఒకే గాటన కట్టేశారు. రోమన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దశకు ఒక జాబితా.

ఆకుపచ్చ గడ్డాలు

రంగుల పని ఏనుగుతో మొదలుపెట్టడం మంచిది. తెల్లలోహంతో పోతపోసిన బొమ్మ చేతికి రాగానే అచ్చు రెండు భాగాలూ కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో గీరేయాలి. వదిలేస్తే రంగు పడ్డాక ఏనుగు వీపు మీద కుట్టేసినట్టు కనబడుతుంది. తొండమో, మావటో విడిగా వస్తే సూపర్‌గ్లూతో అతికించి, నల్లటి ప్రైమర్ కొట్టి ఆరనివ్వాలి.

ఇక రంగు. కొత్తవాళ్ళంతా సిమెంటు రంగు డబ్బా తీస్తారు. మన ఏనుగు ఒంటిమీద బూడిదరంగుతో పాటు మట్టి గోధుమా ఉంటుంది. నల్లటి పూత మీద ముదురు గోధుమ బూడిద వేసి, ఆరాక పొడికుంచె పట్టాలి. అంటే కుంచెకి లేతరంగు అద్ది, దాదాపు అంతా కాగితానికి తుడిచేసి, మిగిలిన ఆ కాస్తతో ముడతల మీద తేలిగ్గా రాయడం. ముడతల పైభాగం తేలుతుంది, లోతుల్లో నలుపు నిలుస్తుంది. చివర్న సన్నటి కుంచెతో చెవుల అంచుల్లో, తొండం మొదట్లో లేత గులాబీ చుక్కలు పెట్టాలి. ఆసియా ఏనుగుకి వయసు మీదపడేకొద్దీ అక్కడ రంగు వెలిసిపోతుంది. ఈ చుక్కలు పెట్టకముందు అది బొమ్మే, పెట్టాక కదులుతుందేమో అనిపిస్తుంది.

అంబారీ పెట్టొద్దు. కొండపల్లి అంబారీ ఏనుగు ఎంత ముద్దొచ్చినా ఈ సేనలో దానికి చోటు లేదు. సాంచి శిల్పాల్లో యోధులు ఏనుగు వీపు మీదే నేరుగా కూర్చుంటారు. మెగస్తనీసు లెక్కలో ఏనుగు మీద నలుగురు, ఒకడు మావటి, ముగ్గురు విలుకాళ్ళు.

మనుషుల రంగులకి మరో గ్రీకు సాక్షి ఉన్నాడు. అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ ఈ దేశపు మనుషుల్ని కళ్ళారా చూసి రాసింది ఆరియన్ అనే చరిత్రకారుడి పుస్తకంలో నిలిచింది. బట్టలు నూలువి, తెల్లటివి. విల్లు మనిషంత పొడవు. దాని కొన నేలకానించి, ఎడమకాలితో అదిమి నారి లాగుతారు. కత్తి వెడల్పుగా మూడు మూరలుంటుంది, దగ్గరి పోరులో రెండు చేతులా ఎత్తి వేస్తారు. అన్నిటికన్నా బొమ్మలవాడికి పండగలాంటి సంగతి: గడ్డాలకి రంగులు వేసుకుంటారట. కొందరు తెలుపు, కొందరు ముదురు నీలం, ఎరుపు, ఊదా, ఇంకొందరు గడ్డిపచ్చ. ఆయన చూసింది సింధు వైపు మనుషుల్ని, కళింగుల్ని కాదు. అయినా ఇరవైమంది విలుకాళ్ళలో ఒకరిద్దరికి పచ్చగడ్డం పెడితే అభ్యంతరం చెప్పే ఆధారం ఎవరి దగ్గరా లేదు. తెలుపు మాత్రం డబ్బాలోది అలాగే పుయ్యకూడదు. పొందూరు ఖద్దరు పక్కన పెట్టుకుని చూసి, ఆ పాలమీగడ చాయ కలుపుకోవాలి. పలకల కింద నేలకి ఫెవికాల్ రాసి ఇసుక చల్లడమే. మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలిసే చోట సన్న ఇసుక కావలసినంత.

ఇంత పాటు ఎందుకంటే, కొన్ని పోటీల్లో రంగుకి మార్కులున్నాయి. 2020లో వచ్చిన వార్‌హామర్ 40,000 తొమ్మిదో కూర్పు నుంచి, సైన్యం మొత్తానికి కనీసపు రంగులు పడి ఉంటే నూటికి పది పాయింట్లు ఊరికే ఇస్తున్నారు. పాచిక ఎలా పడినా ఆ పదీ మనవే.

పాచికల దగ్గర

మరి ఈ సేన గెలుస్తుందా? డీబీఏలో ప్రతి వంతుకీ ఒక పాచిక వేస్తారు, ఎంత పడితే అన్ని కదలికలు. ఏనుగుని కదపడానికి మాత్రం అదనంగా ఖర్చవుతుంది. పోరులో ఇద్దరూ తలో పాచిక వేసి తమ దళపు బలం కలుపుకుంటారు. ఎక్కువ వచ్చినవాడిది పైచేయి. రెట్టింపు వస్తే ఎదుటి దళం సాధారణంగా బల్ల దిగాల్సిందే. ఎదుటివాడి కన్నా ఎక్కువగా, నాలుగు దళాలు పోగొట్టుకున్నవాడు ఓడినట్టు. ఏనుగు ఎదురుగా గుర్రాలు వస్తే కళింగుడికి పండగ. కానీ తెలివైన ప్రత్యర్థి గుర్రాల్ని దాచి, ఈటెల తేలిక బంట్లని పంపిస్తాడు. వాళ్ళ చేతిలో ఓడితే ఏనుగు అక్కడికక్కడే పోతుంది.

నియమం రాసినవాడు గాలిలోంచి తీయలేదు. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడి ఏనుగుల్ని అలెగ్జాండర్ మనుషులు సరిగ్గా అలాగే ఈటెలతో కుమ్మారు. మావటీలు కూలిపోయాక దెబ్బతిన్న ఏనుగులు సొంతవాళ్ళనీ తొక్కేశాయి. ఆ రోజు నేల జారుడుగా ఉండి పొడవాటి విల్లు ఆనించడానికి పట్టు దొరకలేదని కర్టియస్ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. వానాకాలం మందస మడిగట్టు మీద నడిచినవాళ్ళకి ఆ విలుకాళ్ళ అవస్థ తెలుస్తుంది.

ఈ ఆట ఎక్కడిదంటే, ఒక్క ఊపిరిలో: చతురంగం మన దగ్గర పుట్టి చదరంగంగా యూరప్ చేరింది. 1780లో హెల్‌విగ్ అనే జర్మన్ దాన్ని పెద్దది చేసి యుద్ధపు ఆటగా మార్చాడు. 1824లో రైస్విట్జ్ తయారుచేసిన పటాల ఆటని ప్రష్యా సైన్యం శిక్షణకి తీసుకుంది. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ సీసపు సైనికులతో, బొమ్మ ఫిరంగితో ఆడే నియమాలు అచ్చువేశాడు. 1975లో గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ, 1983లో దాని వార్‌హామర్ ఆట వచ్చాయి. మిగతాదంతా వ్యాపారం.

బాక్స్ 1: కొండపల్లి దారి

లోహపు బొమ్మ పద్ధతికీ కొండపల్లి పద్ధతికీ తేడా పదార్థంలోనే. అక్కడ తెల్లపొణికి కర్రతో భాగాలు విడివిడిగా చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన మక్కుతో అతికి సందులు పూడుస్తారు. సున్నం పూసి, ఆరాక రంగులేస్తారు. ఇక్కడ మక్కు బదులు ఎపాక్సీ ముద్ద, సున్నం బదులు ప్రైమర్. లోహం పోతపోయడం కూడా శ్రీకాకుళం జిల్లాకి కొత్త విద్య కాదు, సరవకోట మండలం బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది.

బాక్స్ 2: కళింగలో చెక్కని అంకెలు

కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ లక్షన్నర మందిని తరలించారనీ అశోకుడు చెప్పింది పదమూడో శిలాశాసనంలో. కళింగ నేల మీద ఉన్న ధౌళి, జౌగడ బండల మీద మాత్రం ఆ శాసనం లేదు. దాని బదులు అధికారులు జనంతో దయగా మెలగాలనే వేరే ఆజ్ఞలున్నాయి. తెలుగు నేల మీద పదమూడోది చదవాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్ళాలి.

బాక్స్ 3: పత్తి నుంచి అక్షౌహిణి

భారతం ఆదిపర్వంలో సేన లెక్క ఉంది. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు బంట్లు కలిస్తే పత్తి. అంటే ఏనుగుకి మూడు గుర్రాలు, మగధ నిష్పత్తికి దగ్గర. మూడు పత్తులు సేనాముఖం, మూడు సేనాముఖాలు గుల్మం, అలా మూడేసి రెట్లు గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని. పది అనీకినులు అక్షౌహిణి: 21,870 ఏనుగులు, అన్నే రథాలు, 65,610 గుర్రాలు, 1,09,350 బంట్లు. ప్లినీ చెప్పిన కళింగ ఏనుగులు ఇందులో దాదాపు ముప్పయ్యో వంతు. డీబీఏలోనూ పెద్ద యుద్ధం ఆడాలంటే పన్నెండు దళాల్ని మూడింతలు చేసి 36తో దిగుతారు.